తక్కువ ఖర్చుతో తొలి క్రూయిజ్ ప్రయాణం: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రూయిజ్, అంటే పెద్ద ఓడలో విహారయాత్ర, అనగానే అది డబ్బున్నవాళ్ల సరదా అని చాలామంది పక్కన పెట్టేస్తారు. ఇంకొంతమంది ప్రకటనలో ధర చూసి ఉత్సాహంగా బుక్ చేసి, తిరిగొచ్చాక ఖర్చంతా కూడుకుని బాధపడతారు. క్రూయిజ్‌లో డబ్బు మిగిలేది ఓడలో పొదుపు చేస్తే కాదు, ఓడ ఎక్కకముందు తీసుకునే నాలుగైదు నిర్ణయాల వల్ల. కుటుంబంతో తొలిసారి వెళ్లాలనుకుంటున్న తెలుగువాళ్ల కోసం ఈ జవాబులు రాస్తున్నాను.

మాలాంటి మధ్యతరగతి కుటుంబానికి క్రూయిజ్ అందుబాటులో ఉంటుందా?

ఉంటుంది, కాకపోతే రెండు మూడు రాత్రుల ప్రయాణం అయితేనే. వారం రోజుల క్రూయిజ్‌తో మొదలుపెట్టొద్దు. సముద్రం మీకు పడుతుందో లేదో, ఓడలో రోజులు గడపడం మీ ఇంట్లోవాళ్లకు నచ్చుతుందో లేదో రెండు రాత్రుల్లో తెలిసిపోతుంది.

హోటల్ ధరతో పోల్చేటప్పుడు ఒక సంగతి మరవకండి. క్రూయిజ్ టికెట్‌లో గది, మూడు పూటలా భోజనం, సాయంత్రం ప్రదర్శనలు, ఈతకొలను, జిమ్, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ప్రయాణం అన్నీ కలిసి ఉంటాయి. మంచి రిసార్టులో గది అద్దె, తిండి ఖర్చు, టాక్సీలు విడివిడిగా లెక్కేసి చూడండి, తేడా మీరనుకున్నంత ఉండదు.

మొదటిసారి మన దేశంలో వెళ్లాలా, సింగపూర్ నుంచి వెళ్లాలా?

బడ్జెటే ముఖ్యమైతే మన దేశంలోనే. వీసా లేదు, విమానం తప్పనిసరి కాదు, దేశంలోని రేవుల మధ్యే తిరిగే ప్రయాణానికి ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు.

2021 సెప్టెంబరు నుంచి కార్డీలియా సంస్థ ముంబయి కేంద్రంగా ఎంప్రెస్ అనే ఓడను నడుపుతోంది. గోవా, కొచ్చి, లక్షద్వీప్ వైపు వెళ్లే ప్రయాణాలు ఉంటాయి. ఈ ఓడ 1990లో ఫ్రాన్స్‌లో తయారైంది, అంతకుముందు రాయల్ కరీబియన్ సంస్థ దగ్గర ఉండేది. పొడవు 210 మీటర్ల పైచిలుకు. అంటే పాత ఓడ, ఇప్పటి లెక్కల్లో చిన్న ఓడ. గదులు ఇరుకుగా ఉంటాయి, కొత్త ఓడల్లో కనిపించే భారీ హంగులు ఉండవు. అది ముందే తెలిసి వెళ్తే నిరాశ ఉండదు.

సింగపూర్‌లో పెద్ద ఓడలు దొరుకుతాయి. ఉదాహరణకు 2016లో తయారైన జెంటింగ్ డ్రీమ్ పొడవు 335 మీటర్లు, టన్నేజీలో (ఓడ లోపలి పరిమాణాన్ని చెప్పే కొలత) ఎంప్రెస్‌కు మూడు రెట్లు. రిసార్ట్స్ వరల్డ్ క్రూయిజెస్ 2022 జూన్‌లో సింగపూర్ నుంచి దీన్ని మొదలుపెట్టింది. మలేసియాలోని పెనాంగ్, పోర్ట్ క్లాంగ్, థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వైపు రెండు మూడు రాత్రుల ప్రయాణాలు నడిపింది. ఓడ టికెట్ మాత్రమే చూస్తే కొన్నిసార్లు ఇది మన దేశంలో ధరకు దగ్గరగానే కనిపిస్తుంది. విమానం, వీసా, సింగపూర్‌లో హోటల్ కలిపేసరికి తడిసి మోపెడవుతుంది. నా సలహా ఏమిటంటే, ఎలాగూ సింగపూర్ యాత్ర అనుకుంటున్నవాళ్లు అందులో రెండు రాత్రులు ఓడకు కేటాయించండి. కేవలం ఓడ కోసమే అయితే అంత దూరం వెళ్లక్కర్లేదు.

విశాఖపట్నం నుంచి క్రూయిజ్ ఉందా?

ఏడాది పొడవునా లేదు. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. అందుకే ఆ నెలల్లో ఎంప్రెస్‌ను తూర్పు తీరానికి తీసుకొచ్చి చెన్నై నుంచి నడుపుతూ వచ్చారు. ఆ సీజన్‌లోనే 2022 జూన్‌లో ఓడ తొలిసారి విశాఖకు వచ్చింది. 2025లో కూడా విశాఖ, పుదుచ్చేరి, చెన్నై మధ్య తిరిగింది. విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు కాబట్టి వసతికి లోటు లేదు. ఓడ వస్తుందా రాదా అన్నదే అసలు ప్రశ్న. వేసవి మొదలయ్యేటప్పుడు ఆ ఏడాది షెడ్యూల్ చూస్తూ ఉండండి.

ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలవాళ్లకు ఇంతకంటే చవకైన దారి లేదు. ఒక వైపు ఓడలో చెన్నై వెళ్లి, రైల్లో తిరిగి రావచ్చు.

ప్రకటనలో తలకు 20 వేలు అని ఉంది. చివర్లో అంతకంటే చాలా ఎక్కువ చూపిస్తోంది. ఎందుకు?

ప్రకటనలో ఉండేది సాధారణంగా గది ధర మాత్రమే. అదీ ఇద్దరు కలిసి ఉంటే ఒక్కొక్కరికి పడే ధర. దాని మీద రేవు రుసుములు, జీఎస్టీ, సిబ్బంది టిప్పులు వచ్చి చేరతాయి. టిప్పు అంటే మన ఇష్టం అనుకుంటాం గానీ, క్రూయిజ్‌లో అది మనిషికి రాత్రికి ఇంత అని ముందే నిర్ణయించి ఉంటుంది. పెద్ద అమెరికన్ ఓడల్లో మామూలు గదులకు రోజుకు మనిషికి 16 నుంచి 20 డాలర్ల దాకా ఉంటుంది. పిల్లలకు కూడా లెక్కిస్తారు.

లెక్క ఎలా వేసుకోవాలో చూపించడానికి అంకెలు ఊహించుకుందాం. హైదరాబాద్ నుంచి ఒక జంట ముంబయి వెళ్లి రెండు రాత్రుల క్రూయిజ్ ఎక్కుతున్నారు. ప్రకటనలో తలకు 20 వేలు, అంటే ఇద్దరికి 40 వేలు. రేవు రుసుములు, టిప్పులు కలిపి 8 వేలు. పన్నులు 4 వేలు. రైల్లో థర్డ్ ఏసీ రానుపోను ఇద్దరికి 5,200. ముంబయిలో ఒక రాత్రి బసకు 3 వేలు. టాక్సీలు, దారిలో తిండి 1,500. రేవులో దిగి ఊరు చూడటానికి 3 వేలు. మొత్తం 64,700. ఈ అంకెలు నేను వేసుకున్నవే, మీకు వేరుగా వస్తాయి. వరుసలు మాత్రం ఇవే ఉంటాయి. ఒక కాగితం మీద ఇవే రాసుకుని ఎదురుగా మీ అంకెలు వేయండి. అప్పుడే రెండు ప్రయాణాలను సరిగ్గా పోల్చగలరు.

బుకింగ్ చివరి పేజీ దాకా వెళ్లి, డబ్బు కట్టే ముందు కనిపించే మొత్తాన్నే అసలు ధర అనుకోండి. ఏజెంటును అడిగేటప్పుడు కూడా "టిప్పులు, పోర్ట్ చార్జీలు, పన్నులు అన్నీ కలిపి ఎంత?" అని అడిగి, జవాబును వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకోండి.

ఏ గది తీసుకోవాలి?

కిటికీ లేని లోపలి గది. తొలి ప్రయాణానికి ఇదే నా సిఫార్సు.

రెండు రాత్రుల్లో మీరు గదిలో ఉండేది నిద్రకూ స్నానానికీ. సముద్రం చూడాలంటే పై డెక్ (ఓడ మీద ఆరుబయటి అంతస్తు) ఉంది, అక్కడ గాలి కూడా బాగుంటుంది. లోపలి గదిలో ఉన్నవాళ్లకూ సూట్‌లో (ఖరీదైన పెద్ద గది) ఉన్నవాళ్లకూ ప్రధాన రెస్టారెంట్, ప్రదర్శన, ఈతకొలను ఒకటే. లోపలి గది తీసుకుంటే ధరలో మిగిలే తేడా డబ్బుతో మీ ఊరికి రానుపోను ఖర్చులు వెళ్లిపోతాయి.

అయితే ఇద్దరి విషయంలో ఈ మాట చెప్పను. మూసిన గదిలో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు, రోజులో ఎక్కువసేపు పడుకోవాల్సిన పెద్దవాళ్లు. వీళ్లకు కిటికీ గది తీసుకోండి. వెలుతురు లేని గదిలో తెల్లవారిందో లేదో తెలియక పెద్దవాళ్లు కంగారు పడతారు. బాల్కనీ మాత్రం బడ్జెట్ ప్రయాణంలో వద్దు.

గది ఎంచుకునే వీలుంటే ఓడ పొడవులో మధ్యన, కింది అంతస్తుల్లో ఉన్నది అడగండి. కుదుపు అక్కడే తక్కువ. పైన, కింద కూడా గదులే ఉన్న అంతస్తు అయితే రాత్రి పాటల మోత వినిపించదు.

ముగ్గురు నలుగురు ఒకే గదిలో ఉండొచ్చా? ఒక్కరే వెళ్తే?

కొన్ని గదుల్లో పై నుంచి దించే బెర్తులు ఉంటాయి. మూడో మనిషికి, నాలుగో మనిషికి ధర చాలా తగ్గుతుంది. పిల్లలకు ఉచితం అని ఆఫర్ పెట్టినప్పుడు కూడా రేవు రుసుములు, పన్నులు, టిప్పులు కట్టాల్సిందే, అది చూసుకోండి. ఇరుకు మాత్రం తప్పదు. ఒకరు స్నానానికి వెళ్తే తప్ప ఇంకొకరు పెట్టె తెరవలేనంత చోటు.

ఒక్కరే వెళ్తే చాలా ఓడల్లో ఇద్దరి ధరకు దగ్గరగా వసూలు చేస్తారు. ఒంటరి ప్రయాణికులకు క్రూయిజ్ చవకైన మార్గం కాదు, తోడుగా ఒక స్నేహితుడో చెల్లెలో ఉంటే మంచిది.

ఎప్పుడు బుక్ చేస్తే తక్కువ? ఏజెంట్ దగ్గరా, నేరుగానా?

శుక్రవారం బయల్దేరి ఆదివారం వచ్చేవి, దసరా, దీపావళి, డిసెంబరు చివరి వారం, వేసవి సెలవులు, వీటికి ధర ఎక్కువ. పిల్లల బడి అడ్డం లేకపోతే సోమవారం నుంచి గురువారం లోపు బయల్దేరేవి చూడండి. అదే ఓడ, అదే భోజనం, జనం కూడా తక్కువ. తేదీ మార్చుకోగలగడమే ఇందులో పెద్ద పొదుపు, కూపన్ల కోసం వెతకడం కంటే ఇది ఎక్కువ మిగులుస్తుంది.

ఏజెంటుకూ వెబ్‌సైట్‌కూ ధర చాలాసార్లు ఒకటే ఉంటుంది. రెండూ అడగండి. రద్దు నియమాలు మాత్రం కూర్చుని పూర్తిగా చదవండి. బయల్దేరే తేదీ దగ్గరపడేకొద్దీ వెనక్కి వచ్చే డబ్బు తగ్గిపోతుంది, చివరి రోజుల్లో ఏమీ రాదు.

"మీరు లక్కీ డ్రాలో ఉచిత క్రూయిజ్ గెలిచారు, భార్యాభర్తలిద్దరూ ఫలానా హోటల్‌కు రండి" అని ఫోన్ వస్తే వెళ్లకండి. అక్కడ గంటల తరబడి కూర్చోబెట్టి సభ్యత్వం పేరుతో లక్షలు కట్టించే ప్రయత్నం చేస్తారు. కష్టపడి దాచుకున్న డబ్బు అలా పోగొట్టుకున్న కుటుంబాలు మన ఊళ్లలో తక్కువేమీ లేవు.

సింగపూర్ ఓడకు వీసా, కాగితాలు ఏం కావాలి?

మొదట పాస్‌పోర్ట్. ప్రయాణ తేదీ నుంచి కనీసం 6 నెలలు చెల్లుబాటు ఉండాలి. మనవాళ్లకు సింగపూర్ వీసా ముందే తీసుకోవాలి, గుర్తింపు పొందిన ఏజెంట్ల ద్వారా దరఖాస్తు చేస్తారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. మీరు విమానంలో సింగపూర్‌లో దిగుతారు, ఓడెక్కి దేశం దాటుతారు, మళ్లీ ఓడలో తిరిగొస్తారు. అంటే రెండుసార్లు ప్రవేశం. కాబట్టి చేతికొచ్చిన వీసాలో మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో అక్షరం అక్షరం చూసుకోండి. ఎక్కడికీ ఆగకుండా సముద్రంలో తిరిగొచ్చే ప్రయాణానికి కూడా ఇది వర్తిస్తుందనుకునే సిద్ధపడండి.

థాయ్‌లాండ్ 2023 నవంబరు నుంచి, మలేసియా అదే ఏడాది డిసెంబరు నుంచి మనవాళ్లకు వీసా లేకుండా ప్రవేశం ఇచ్చాయి. ఇలాంటి వెసులుబాట్లు గడువుతో ఉంటాయి, మారుతుంటాయి. బుక్ చేసే రోజు ఒకసారి, బయల్దేరే వారం ఇంకోసారి ఆ దేశాల అధికారిక వెబ్‌సైట్లలో చూడండి.

సింగపూర్‌లో దిగే ముందు 3 రోజుల లోపు అరైవల్ కార్డు (మీ రాక వివరాల ఫారం) ఆన్‌లైన్‌లో నింపాలి. మలేసియా, థాయ్‌లాండ్‌లకు కూడా అలాంటి డిజిటల్ కార్డులు ఉన్నాయి, ఓడ ప్రయాణికులు నింపాలా లేదా అన్నది క్రూయిజ్ సంస్థ చెబుతుంది. ఇవన్నీ ఉచితం. గూగుల్‌లో వెతికితే డబ్బు అడిగే వెబ్‌సైట్లు పైన కనిపిస్తాయి. కార్డుకు రుసుము అడిగారంటే అది ప్రభుత్వ వెబ్‌సైట్ కాదని అర్థం.

విదేశీ టూర్ ప్యాకేజీగా కొంటే ఏజెంట్ టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా తీసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) వసూలు చేస్తాడు. అది ఖర్చు కాదు, ఐటీ రిటర్ను వేసేటప్పుడు మీ ఖాతాలో జమగా చూపించుకోవచ్చు. అయినా ముందుగా చేతి నుంచి కట్టాలి కాబట్టి లెక్కలో పెట్టుకోండి.

ఓడ దగ్గరికి చవగ్గా ఎలా చేరుకోవాలి?

ముంబయి రేవు దక్షిణ ముంబయిలో, బల్లార్డ్ పియర్ దగ్గర ఉంది. ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ రైల్వే స్టేషన్ నుంచి దగ్గర. తెలంగాణవాళ్లకు హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్, విశాఖ, రాజమండ్రి, విజయవాడ వైపు నుంచి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఆ స్టేషన్‌కే వెళ్తాయి. విమానంలో వెళ్తే ఎయిర్‌పోర్ట్ నుంచి టాక్సీలో ట్రాఫిక్ దాటి రావాలి, డబ్బూ సమయమూ రెండూ పోతాయి. ఈ ప్రయాణానికి రైలే నయం.

చెన్నై రేవు సెంట్రల్ స్టేషన్ నుంచి ఆటోలో వెళ్లేంత దూరం. నెల్లూరు, ఒంగోలు, విజయవాడ వాళ్లకు ఇంతకంటే వీలైన రేవు లేదు.

సింగపూర్‌కు హైదరాబాద్, విశాఖ, చెన్నై నుంచి నేరుగా విమానాలున్నాయి. చవక విమానాల్లో లగేజీకి వేరే డబ్బు, అది కలుపుకునే పోల్చండి. సింగపూర్‌లో క్రూయిజ్ టెర్మినళ్లు రెండు. ఒకటి మెరీనా బే దగ్గర, ఇంకోటి హార్బర్‌ఫ్రంట్‌లో. టికెట్‌పై ఏది రాసి ఉందో చూసుకోండి. మెరీనా బే టెర్మినల్‌కు మెరీనా సౌత్ పియర్ ఎంఆర్‌టీ (మెట్రో రైలు) స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు, టాక్సీ అక్కర్లేదు.

ఎక్కడి నుంచైనా సరే, ఒక రోజు ముందే ఆ ఊరు చేరండి. దీని మీద మాత్రం పొదుపు చేయొద్దు. రైలు ఐదు గంటలు ఆలస్యమైతే ఓడ మీ కోసం ఆగదు, డబ్బూ తిరిగి రాదు. ఓడ కదలడానికి చాలా ముందే చెక్-ఇన్ మూసేస్తారు. ఒక రాత్రి లాడ్జి అద్దెతో మొత్తం ప్రయాణానికి భరోసా దొరుకుతుంది.

శాకాహారులం. తిండికి ఇబ్బంది అవుతుందా?

మన దేశపు ఓడలో అసలు ఇబ్బంది లేదు. శాకాహారం, జైన భోజనం కూడా దొరుకుతాయి. సింగపూర్ నుంచి వెళ్లే జెంటింగ్ డ్రీమ్‌లోనూ భారతీయ ప్రయాణికులు ఎక్కువ కాబట్టి మన తిండి ఉంటుంది. మిగతా విదేశీ ఓడల్లో బుక్ చేసేటప్పుడే భోజన కోరిక రాయించండి, ఎక్కాక హెడ్ వెయిటర్‌కు మళ్లీ చెప్పండి.

ఓడలో రెస్టారెంట్లు రెండు రకాలు. ప్రధాన డైనింగ్ హాలు, బఫే టికెట్‌లో కలిసినవే. ప్రత్యేక రెస్టారెంట్లకు విడిగా కట్టాలి. తలుపు దగ్గర ధరలున్న మెనూ కనిపిస్తే అది రెండో రకం. మొదటి రకంతోనే కడుపు నిండా, రకరకాలుగా తినొచ్చు. తాగునీళ్లు, టీ, కాఫీ బఫే దగ్గర తీసుకోండి, గదిలో పెట్టిన సీసాకు బిల్లు వేయొచ్చు.

ఇంట్లో చేసిన పులిహోర, పచ్చళ్లు ఎక్కనివ్వరు. రేవులో స్కానింగ్ దగ్గర తీయించేస్తారు.

కడుపులో తిప్పితే ఎలా? మా ఆవిడకు బస్సే పడదు.

బస్సు పడనివాళ్లందరికీ ఓడ పడదని లేదు. పెద్ద ఓడలకు పక్కల నీటి అడుగున రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి, ఊగిసలాటను తగ్గిస్తాయి. ఓడ ఎంత పెద్దదైతే కుదుపు అంత తక్కువగా తెలుస్తుంది. కాలం కూడా ముఖ్యమే. పశ్చిమ తీరంలో నవంబరు నుంచి మార్చి దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల రోజులు, అప్పుడు బుక్ చేయకండి.

మీ డాక్టరును ముందే అడిగి మాత్ర రాయించుకోండి. తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచేయదు, ఓడ కదలక ముందే వేసుకోవాలి. కొన్ని మాత్రలకు నిద్ర ముంచుకొస్తుంది, బీపీ, గ్లకోమా, ప్రోస్టేట్ సమస్యలున్నవాళ్లు సొంతంగా కొనుక్కోవద్దు. ఖాళీ కడుపుతో ఉండకండి, ఇడ్లీ, బ్రెడ్, యాపిల్ లాంటివి కొద్దికొద్దిగా తినండి. అల్లం కొంతమందికి బాగా పనిచేస్తుంది. గదిలో ఫోన్ చూస్తూ పడుకోవడం కంటే డెక్ మధ్యకు వచ్చి దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత వైపు చూస్తూ నిలబడితే తేలిక పడుతుంది.

పాపికొండల లాంచీ, నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం లాంచీ ఎక్కి చూస్తే తెలుస్తుందా అని అడుగుతారు. అవి చాలా అందమైన ప్రయాణాలు, తప్పకుండా వెళ్లండి. కానీ అక్కడ అలలు ఉండవు కాబట్టి సముద్రం పడుతుందో లేదో వాటితో తేలదు.

ఫోన్ సంగతి ఏమిటి?

ఓడ తీరం వదలగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ఇది ఇంట్లో ప్రతి ఒక్కరికీ చెప్పాలి, ముఖ్యంగా పెద్దవాళ్లకు.

సముద్రంలో మన టవర్లు అందవు. కొన్ని ఓడల్లో శాటిలైట్ ద్వారా పనిచేసే సొంత మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది. మీ ఫోన్‌లో రోమింగ్ ఆన్‌లో ఉంటే అది దానంతట అదే ఆ నెట్‌వర్క్ పట్టుకుంటుంది. మీరు తీసుకున్న మామూలు విదేశీ రోమింగ్ ప్యాక్ చాలావరకు దీనికి వర్తించదు. కాల్స్‌కు, డేటాకు నిమిషాల్లో వేలల్లో బిల్లు పడుతుంది. వాట్సాప్ వెనకాల ఫొటోలు దించుకున్నా చాలు.

ఓడలో వైఫై ఉంటుంది, విడిగా కొనాలి. రెండు రాత్రులకు కొనకపోయినా ఏమీ కాదు. తప్పనిసరి అయితే ఇంటికి ఒక్కటి, ఒక్క ఫోన్‌కు కొనండి. "రెండు రోజులు ఫోన్ కలవదు, కంగారు పడకండి" అని ఇంటి దగ్గర వాళ్లకు ముందే చెప్పి బయల్దేరండి.

ఓడలో డబ్బు ఎలా ఖర్చవుతుంది?

నోట్లు నడవవు. ఎక్కేటప్పుడు ఒక కార్డు ఇస్తారు, గది తాళం, గుర్తింపు, పర్సు అన్నీ అదే. గీసిన ప్రతిసారీ మీ ఖాతాలో రాసుకుంటారు. నోటు తీసి ఇచ్చేటప్పుడు కలిగే ఆలోచన కార్డు గీసేటప్పుడు కలగదు, చేతి చమురు వదిలేది అక్కడే. పిల్లల కార్డులకు ఖర్చు అనుమతి ఇవ్వొద్దని రిసెప్షన్‌లో చెప్పండి. వీడియో గేముల గదిలో, ఐస్‌క్రీం దగ్గర పిల్లలు తెలియక గీసేస్తారు.

రోజూ సాయంత్రం గదిలో టీవీలోనో రిసెప్షన్‌లోనో ఖాతా చూసుకోండి. ఫొటోగ్రాఫర్లు తీసే ఫొటోలు తీయించుకోవడానికి డబ్బు లేదు, కొంటేనే డబ్బు.

విదేశీ ఓడలో మన క్రెడిట్ కార్డు వాడితే విదేశీ మారక రుసుముగా సాధారణంగా 2 నుంచి 3.5 శాతం పడుతుంది. ఆ రుసుము లేని కార్డులు కొన్ని ఉన్నాయి, ఒకటి ఉంటే అదే ఇవ్వండి. రూపాయల్లో బిల్లు చేయమంటారా అని అడిగితే వద్దని, స్థానిక కరెన్సీలోనే చేయమని చెప్పండి. రూపాయల్లోకి మార్చేటప్పుడు రేటు మనకు నష్టంగా వేస్తారు.

మేము తాగం, జూదం ఆడం. మాకు అక్కడ ఏముంటుంది?

బడ్జెట్ ప్రయాణానికి మీ కంటే తగినవాళ్లు లేరు. ఓడలో బిల్లు పెరిగేది ప్రధానంగా ఈ రెండింటి వల్లే. మద్యం ప్యాకేజీ తీసుకోమని బుకింగ్ నుంచీ అడుగుతూనే ఉంటారు, వద్దని గట్టిగా చెప్పేయండి.

మిగిలింది తక్కువేమీ కాదు. రోజూ రాత్రి గదిలో మరుసటి రోజు కార్యక్రమాల పట్టిక పెడతారు, లేదా యాప్‌లో వస్తుంది. మ్యాజిక్, డాన్స్, పాటలు, క్విజ్‌లు, పిల్లల ఆటల గది, అన్నీ టికెట్‌లో ఉన్నవే. ప్రదర్శనలకు సీటు ముందే రాయించుకోవాలేమో మొదటి గంటలోనే కనుక్కోండి. ఇవన్నీ పక్కన పెట్టినా, తెల్లవారుజామున ఐదున్నరకు పై డెక్ మీదకు వెళ్లండి. చుట్టూ ఎటు చూసినా తీరం కనపడని నీళ్ల మీద పొద్దు పొడవడం చూడటానికే ఈ ప్రయాణం చేయొచ్చని నేను మనస్ఫూర్తిగా చెబుతాను. అప్పుడు అక్కడ జనం కూడా ఉండరు.

రేవులో దిగినప్పుడు ఓడవాళ్ల టూర్ తీసుకోవాలా?

రేవు ఊరికి దగ్గరగా ఉంటే అక్కర్లేదు. పెనాంగ్‌లో ఓడ జార్జ్‌టౌన్ పక్కనే ఆగుతుంది, నడుచుకుంటూ పాత వీధులు, లిటిల్ ఇండియా చూసి రావచ్చు. పోర్ట్ క్లాంగ్ నుంచి కౌలాలంపూర్ చాలా దూరం. అక్కడ సొంతంగా వెళ్తే ట్రాఫిక్‌లో ఇరుక్కునే ప్రమాదం ఉంది, ఓడవాళ్ల బస్సు తీసుకోవడమే మేలు. ఓడవాళ్ల టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ టాక్సీ ఆలస్యమైతే ఆగదు.

థాయ్‌లాండ్ సమయం సింగపూర్ కంటే గంట వెనక. ఫోన్ గడియారాన్ని నమ్మకుండా ఓడ సమయం ఏదో అడిగి చేతి గడియారంలో పెట్టుకోండి.

లక్షద్వీప్‌లో ఓడ తీరం దాకా వెళ్లదు, చిన్న పడవల్లో దించుతారు. సముద్రం బాగోకపోతే దించకుండానే ముందుకు వెళ్లిపోతారు. అలా ఒక రేవు రద్దయితే టికెట్ డబ్బు వెనక్కి ఇవ్వరు, కాబట్టి ఒకే ఒక్క ద్వీపం కోసం మొత్తం ప్రయాణం పెట్టుకోవద్దు.

గర్భిణులు, పసిపిల్లలు, పెద్దవాళ్లు వెళ్లొచ్చా?

చాలా సంస్థలు ప్రయాణం ముగిసేనాటికి 24వ వారంలోకి వచ్చే గర్భిణులను ఎక్కించుకోవు, అంతకుముందైతే డాక్టర్ లేఖ అడుగుతాయి. పసిపిల్లలకు సాధారణంగా 6 నెలలు నిండాలి. పెద్దవాళ్లకు క్రూయిజ్ నిజంగా సుఖమైన ప్రయాణం. పెట్టెలు మోయక్కర్లేదు, లిఫ్టులుంటాయి, గది మారక్కర్లేదు. వీల్‌చెయిర్ కావాలంటే బుకింగ్‌లోనే చెప్పండి.

ఓడలో డాక్టర్ ఉంటారు కానీ ఉచితం కాదు. విదేశీ ఓడకు ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పకుండా తీసుకోండి, పాలసీలో క్రూయిజ్ ప్రయాణం, అత్యవసరంగా తీరానికి తరలించే ఖర్చు ఉన్నాయో లేదో చూడండి.

ఏం సర్దుకోవాలి?

ఈత దుస్తులు. నూలు బట్టలతో, చుడీదార్‌తో కొలనులోకి దిగనివ్వరు, ఓడలో కొంటే ధర ఎక్కువ. సాయంత్రం ఒక రోజు కాస్త ముస్తాబు కావాలి, అందుకు కోటు కొనక్కర్లేదు, పట్టుచీర, కుర్తా బ్రహ్మాండంగా సరిపోతాయి. రాత్రి డెక్ మీద గాలికి శాలువా. ఇస్త్రీ పెట్టె, కెటిల్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసుకెళ్లొద్దు, నిప్పు భయంతో లాగేసుకుంటారు.

పెద్ద పెట్టెలు రేవులోనే ఇచ్చేస్తాం, అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. మందులు, కాగితాలు, ఒక జత బట్టలు, ఈత దుస్తులు చేతి సంచిలో ఉంచుకుంటే మొదటి మధ్యాహ్నం వృథా కాదు.

ఎక్కగానే భద్రతా డ్రిల్ అంటారు. తప్పనిసరా?

తప్పనిసరి. ప్రమాదం వస్తే ఎక్కడికి చేరాలో నేర్పే అభ్యాసం అది, మనసు పెట్టి చేయండి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా మునిగినప్పుడు, అప్పుడే ఎక్కిన ప్రయాణికులు చాలామందికి ఇంకా డ్రిల్ జరగలేదు. ఆ తర్వాత నిబంధనలు మార్చి, ఓడ బయల్దేరకముందో, బయల్దేరిన వెంటనేనో డ్రిల్ జరపాలన్నారు. ఏడు చిన్న కూతలు, తర్వాత ఒక పొడుగు కూత వినిపిస్తే అది అత్యవసర సంకేతం. మీరు చేరాల్సిన చోటు గది తలుపు వెనక, మీ కార్డు మీద రాసి ఉంటుంది. పిల్లలను వెంటబెట్టుకుని ఒకసారి ఆ దారిలో నడిచి చూడండి.

దిగే రోజు ఏం జరుగుతుంది?

ముందు రాత్రి పెద్ద పెట్టెలు గది బయట పెట్టమంటారు. మరుసటి రోజు వేసుకునే బట్టలు, మందులు, పాస్‌పోర్టులు అందులో పెట్టేయకండి. పెట్టె చిన్నదైతే మీరే మోసుకుని దిగొచ్చు, త్వరగా బయటపడతారు. బిల్లు ఆ రాత్రే చూసుకుని, తేడా ఉంటే అప్పుడే రిసెప్షన్‌కు వెళ్లండి. పొద్దున్నే వెళ్తే పెద్ద క్యూ ఉంటుంది, దిగిపోయాక అడగడం కష్టం.

ఓడ ఉదయం ఆరింటికి రేవు చేరినా మీరు బయటికి వచ్చేసరికి పదో పదకొండో అవుతుంది, విదేశీ ప్రయాణమైతే ఇమిగ్రేషన్ కూడా ఉంటుంది. తిరుగు రైలు గానీ విమానం గానీ మధ్యాహ్నం మూడు తర్వాతే తీసుకోండి.